గురువారం మొండికేసే సర్వరు

మా పంపుహౌసులో సర్వరు అనే యంత్రాన్ని బాగుచేసింది నేనే. ఈ మాట మా వీధిలో చాలామందికి చెప్పాను. పెళ్లిళ్లలో పక్క విస్తరి వాళ్లకు చెప్పాను. ఒకసారి కర్నూలు బస్సులో కండక్టరుకు కూడా చెప్పాను, ఆయన చిల్లర ఇవ్వడం మరిచిపోయేంత శ్రద్ధగా విన్నాడు. ఇప్పుడు రాతలో పెడుతున్నాను కాబట్టి కొంచెం సరిచేయాలి. నేను బాగుచేయలేదు. దాని జబ్బు బయటపడిన సమయానికి అది ఉండే గదిలో ఉన్నాను, అంతే. ఆ సమయానికి ఆ గదిలో ఎందుకున్నానన్నది వేరే సంగతి. దానికీ వస్తాను.

నందికొట్కూరుకు కొంచెం ఇవతల, కాలువ గట్టు మీద ఉంటుంది మా పంపుహౌసు. కాలువ నీళ్లను ఎత్తి చుట్టుపక్కల ఊళ్ల ట్యాంకులకు పంపడం దాని పని. నేను అందులో ఆపరేటరుగా చేరి, ఆపరేటరుగానే రిటైరయ్యాను. "ఈయన పగలంతా ఇంట్లో ఉంటే మా వల్ల కాదు" అని ఇంట్లోవాళ్లు, "ఈయన లేకుంటే మోటార్లు తిరగవు" అని ఆఫీసువాళ్లు అనేసరికి షిఫ్టు లేని పగటి పనికి కాంట్రాక్టు మీద మళ్లీ చేరాను. ఇంట్లోవాళ్లు అన్నది నిజం. ఆఫీసువాళ్ల మాట నేనే అన్నాను, వాళ్లు కాదనలేదు.

పంపుహౌసు ఎండ సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. పైన రేకులు, కింద నాపరాళ్లు, మధ్యలో మోటార్లు. మే నెల మధ్యాహ్నం ఆ బండల మీద గుడ్డు పగలగొడితే అట్టయిపోయేది. అంటే, ఎవరూ పగలగొట్టలేదు. చేతిలో గుడ్డుంటే ఉడకేసుకుని తింటాం గానీ బండకేసి కొడతామా? కానీ చెప్పులు గడప అవతల విడిచిన మనిషి మళ్లీ వాటి దాకా కప్పలా గెంతుకుంటూ పోవడం మాత్రం నిజంగా జరిగేది. ఆ కప్పను నేనే.

అలాంటి చోటికి ఒకరోజు సర్వరు వచ్చింది. అంతకుముందు మాకు లావుపాటి లాగ్‌బుక్కు ఉండేది. గంటగంటకూ మీటరు రీడింగు, మోటారు ఎప్పుడు వేశాం, ఎప్పుడు ఆపాం, అన్నీ అందులో రాసేవాళ్లం. షిఫ్టు మారేటప్పుడు పోయేవాడు "అప్పగించాను" అనీ, వచ్చేవాడు "స్వీకరించాను" అనీ రాసి సంతకం చేసేవాడు. ఇకమీదట అదంతా కంప్యూటరులోనే అన్నారు. హాల్లో ఒక తెర, ఒక కీబోర్డు పెట్టారు. రాసినదంతా దాచుకునే సర్వరును మాత్రం దాని సొంత తెర, కీబోర్డుతో సహా పాత సామాన్ల గదిలో పెట్టి, ఆ గదికి ఏసీ బిగించారు. సర్వరుకు వేడి పడదట. మాకు పడుతుందా అని ఎవరూ అడగలేదు, మేమూ అలగలేదు. ఏసీ వచ్చిందిగా, ఎవరి పేరుతో వస్తే ఏమి!

"మీలో కంప్యూటర్ తెలిసినోళ్లు ఎవరు?" అని అడిగింది మా ఏఈ మేడం. అసిస్టెంటు ఇంజనీరు, రాయచోటి అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు.

నేను చేయెత్తాను. నాకు తెలిసిన విద్య ఒకటే, ఆర్పేసి మళ్లీ వెలిగించడం. తర్వాత తర్వాత తెలిసింది, ఆ రంగంలో ఆరితేరినవాళ్లకు కూడా ముందు తోచేది అదేనని. అలా సర్వరు గది తాళం నా పరమైంది. దాన్ని వేసింది మాత్రం ఎప్పుడూ లేదు.

నెల తిరక్కుండానే ఆ గది మా అందరి ప్రాణమైపోయింది. సర్వరు నెత్తిన మజ్జిగ కుండ. దాని పక్కన, ఊడ్చే ఆమె సాయంత్రం తలలో పెట్టుకోవడానికి తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు. మూలన ఒకరి మామిడిపళ్లు, మేడం నీళ్ల సీసా. యూపీఎస్ బ్యాటరీల వెనక, గోడవారగా, నా చాప. భోంచేసి ఆ చాప మీద నడుం వాలిస్తే, సర్వరు జోలపాడినట్టు సన్నగా గుయ్యిమనేది. జీవితమంతా మోటార్ల పక్కన బతికినవాడికి అంత మెత్తటి చప్పుడు కొత్త.

అలా సుఖంగా ఉండగా ఒక మధ్యాహ్నం హాల్లో తెర మీద ఎర్ర డబ్బా ఒకటి వచ్చి కూర్చుంది. రీడింగు కొడితే తీసుకోదు. ఏది నొక్కినా అదే ఎర్ర డబ్బా. నేను విద్య ప్రయోగించాను. ఆర్పాను, వెలిగించాను. డబ్బా మళ్లీ వచ్చింది. ఇంకాసేపు ఆర్పి ఉంచి వెలిగించాను, దానికి కూడా ఆలోచించుకునే టైము ఇవ్వాలి కదా. అయినా వచ్చింది.

హైదరాబాదులో సాఫ్ట్‌వేరు వాళ్ల మనిషికి ఫోన్ చేశాం. మర్యాదగల పిల్లవాడు.

"సార్, రీస్టార్ట్ చేశారా?" అన్నాడు.

నేను మేడం వైపు విజయగర్వంతో చూశాను. "చేసినామప్పా. మళ్లమళ్ల చేసినాం."

"అయితే ఒకసారి సర్వర్ ఫోటో తీసి పంపండి సార్."

పంపాను.

"సార్... సర్వర్ మీద ఏదో కుండ ఉన్నట్టుంది?"

"అది మజ్జిగప్పా."

"మజ్జిగ ఎందుకు సార్ అక్కడ?"

"ఈడ ఎండలు నీకు తెలీవులే నాయనా. ఒకసారి వచ్చి చూడు, నీకూ ఒక చెంబు పోస్తాం."

మరుసటి రోజు పొద్దున్నకు ఆ అబ్బాయి ఎక్కడి నుంచో తంటాలు పడి దాన్ని తెరిపించాడు. అంతవరకూ రీడింగులు తెల్లకాగితాల మీద రాసుకున్నాం. హమ్మయ్య అనుకున్నాం. వారం తిరిగేసరికి మళ్లీ ఎర్ర డబ్బా. ఆపై వారం మళ్లీ. ఆ తర్వాత కడపలోని పెద్దాఫీసు నుంచి పెద్ద సారు ఫోన్ చేశారు. మేడం స్పీకరు పెట్టింది. మేమంతా చుట్టూ నిలబడ్డాం.

"ఏందమ్మా మీ సర్వరు, వారానికొకసారి పడకేస్తాండాది? మీ చేత కాకపోతే చెప్పండి. దాన్ని పీకి కడపకు పంపండి, ఈడ పెట్టుకుంటాం. మీకు ఆడ తెర ఉంటే సాలు."

"సరే సార్" అంది మేడం, నీరసంగా.

"ఆ ఏసీ కూడా పీకి పంపండి. సర్వరే లేకపోతే మీకు అదెందుకు?"

మేడం ఫోన్ పెట్టేసింది. సర్వరు పోతుందన్న మాటకు ఎవరి ముఖమూ మారలేదు. ఏసీ అన్న మాటకు మాత్రం ఊడ్చే ఆమె చీపురు కింద పడేసింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చెమట కూడా కావచ్చు. రెండూ కలిసి వచ్చాయి కాబట్టి విడదీసి చెప్పలేను.

ఆ రోజే గది ఖాళీ చేయించింది మేడం. కుండ పోయింది, పూలు పోయాయి, పళ్లు పోయాయి. "మనుషులు కూడా లోపల ఉండకూడదు. ముఖ్యంగా పండుకోకూడదు" అంది, నా వైపు చూడకుండా. ఆ చూడకపోవడంలో చాలా మర్యాద ఉంది. మేము హాల్లోకి వచ్చి పడి, గోరువెచ్చని మజ్జిగ తాగుతూ, సర్వరు ఒంటరిగా అంత చల్లగాలిని అనుభవించడాన్ని అద్దం తలుపులోంచి చూశాం.

ఇంత త్యాగం చేసినా, ఆ వారం మళ్లీ ఎర్ర డబ్బా వచ్చింది.

అప్పుడు మేడం గోడ మీది క్యాలెండరు ముందు నిలబడి, వేలితో ఒక్కో రోజునూ తడుముతూ అంది. "పెద్దాయనా, ఇది పాడయ్యేదంతా గురువారమే. మధ్యాహ్నం పూటే. ఎందుకు?"

"గురువారం కరెంటు సరిగా ఉండదమ్మా" అన్నాను. సర్వరు గది తాళం ఉన్నవాడు ఏదో ఒకటి అనాలి కదా. కరెంటుకు వారాలు తెలుసా అని ఆమె అడగలేదు. పెద్దవాణ్నని ఊరుకుంది.

ఇంతలో పెద్ద సారు నుంచి మళ్లీ కబురు. రెండు వారాల తర్వాత గురువారం తానే వస్తారట. రెండు గంటల షిఫ్టు మార్పును కళ్లారా చూస్తారట. ఆ రోజు గనక సర్వరు మొరాయిస్తే, వెంట వచ్చే వ్యానులోనే సర్వరూ ఏసీ రెండూ కడపకు పోతాయి.

ఆయన రావడానికి ముందు వారం, గురువారం, నేను ఆ దొంగను పట్టుకున్నాను. ఎలా పట్టుకున్నానో ఇంతకాలం ఇలా చెబుతూ వచ్చాను: భోజనం కూడా మానేసి, బ్యాటరీల వెనక నక్కి, రెప్ప వేయకుండా, వేటగాడిలా కాపు కాశాను అని. భోజనం మానలేదు. ఆ రోజు ఉగ్గాని, దానిలోకి మిరపకాయ బజ్జీలు, ఎలా మానతాను? రెప్ప వేయకుండా అన్నది కూడా నిలబడదు. మేడం కర్నూలుకు మీటింగుకు పోయిందని తెలిసి, దాచిన చాప పరుచుకుని ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. టకటకమని కీబోర్డు చప్పుడుకు మెలకువ వచ్చింది.

బ్యాటరీల సందులోంచి చూస్తే, రెండు గంటల షిఫ్టుకు వచ్చిన ఆపరేటరు. ఆదోని అవతలి నుంచి వచ్చినవాడు, తాటిచెట్టంత మనిషి. గుళ్లోకి వచ్చినట్టు చెప్పులు బయట విడిచి, సర్వరు ముందు వంగి, దాని గడియారాన్ని తిప్పుతున్నాడు.

"ఏమప్పా, టైము మారుస్తాండావా?" అన్నాను.

మనిషి ఎగిరి గోడకు కొట్టుకున్నాడు. "అయ్యో మామా! యాడ నుంచి లేచినావు నువ్వు?"

"నా సంగతి తర్వాత. నువ్వేం చేస్తాండావు?"

"ఏం లేదు మామా. ఈ పొద్దు గురువారం. ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం."

"ఐతే?"

"ఐతే ఏంది మామా! రెండుకు చార్జి తీసుకోవాల. 'స్వీకరించాను' అని నొక్కితే అది దాని టైము అదే వేసుకుంటాది. రాహుకాలంలో చార్జి తీసుకున్నట్టు రాతలో పడతాది. అట్లా పడితే ఇంగ ఆ మోటార్లు నా చేతిలో బాగుంటాయా?"

"పుస్తకం ఉన్నప్పుడు ఏం చేస్తాంటివి?"

"మూడు దాటినాక సంతకం పెట్టి, రెండని రాస్తాంటి."

"ఇప్పుడూ మూడు దాటినాకే నొక్కు."

"రెండుంబావు కొట్టేసరికి నొక్కిండకపోతే ఇది కడపకు చెప్తాది మామా. రాసుకున్న టైము ఎంతని చూడదు. మెమో వస్తాది. అందుకే గడియారాన్ని మూడు దాటించి, స్వీకరించి, మళ్ల ఎనక్కి తిప్పుతా. ఎవురికీ నష్టం లేదు."

నేను లేచి కూర్చున్నాను. "ఒరే, రాహువు ఆకాశంలో ఉంటాడా, ఈ కంప్యూటర్ గడియారంలో ఉంటాడా?"

వాడు నిజంగా ఆలోచించాడు. "యాడుంటాడో నాకేం తెలుసు మామా. రాతలో మాత్రం ఉండకూడదు."

నాకు అప్పుడు వెలిగింది. మూడు దాటిందని ఒక సంతకం తీసుకున్నాక, మళ్లీ రెండుంబావు అంటూ రీడింగు వస్తే ఆ యంత్రం ఏం చేస్తుంది? నోరు మూసుకుంటుంది. నేనైనా అదే చేస్తాను. అయితే ఈ కనిపెట్టిన సంగతి మేడంకు చెప్పాలంటే, ఆ గదిలో నేనేం చేస్తున్నానో కూడా చెప్పాలి. చెప్పకపోతే ఏసీ పోతుంది. చెబితే చాప పోతుంది. సాయంత్రం దాకా తన్నుకులాడి, చివరకు ఏసీ లేని చాప ఎందుకని, కర్నూలు నుంచి తిరిగొచ్చిన మేడంకు చెప్పేశాను. కాపు కాసి పట్టుకున్నానని చెప్పాననుకోండి.

మేడం విని, నా ముఖం వంక తేరిపారా చూసింది. "బాగా కాపు కాసినట్టుండారే పెద్దాయనా. చెంప మీద చాప గీతలు ఇంకా పోలేదు."

మర్నాడు ముగ్గురు ఆపరేటర్లనూ కూర్చోబెట్టింది. షిఫ్టులు వారం వారం మారతాయి కాబట్టి గురువారం రెండు గంటల వంతు అందరికీ వస్తుంది. పొడుగాయన తప్పు ఒప్పుకున్నాడు. నందికొట్కూరు ఆపరేటరు, కాస్త బొద్దుమనిషి, పగలబడి నవ్వాడు.

"ముందుకు తిప్పుతాండావా? నీకు బుద్ధుండాదా? అట్లా తిప్పితే చెడిపోదా? నా మాదిరి ఎనక్కి తిప్పాల. ఒకటింబావుకు పెట్టుకుని స్వీకరించాల. రాహుకాలం ఇంగా మొదలే కాలేదు, సుద్ధంగా ఉంటాది."

మేడం రాసుకుంటున్న కాగితం పక్కన పెట్టింది.

"ఎనక్కి తిప్పితే, నీకు అప్పగించినోడు రెండుకు అప్పగించింటాడు కదా," అన్నాడు పొడుగాయన. "వాడు అప్పగించకముందే నువ్వు తీసుకున్నట్టు కాదా? అది దొంగతనమప్పా!"

"నీది మాత్రం? గంట సేపు మోటార్లకు దిక్కే లేనట్టు కాదా?"

ఇద్దరూ చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. మూడో ఆపరేటరు, మా అందరిలో నెమ్మదస్తుడు, గొంతు సవరించుకున్నాడు.

"నేను గంటల జోలికి పోను మేడం. రోజు మారుస్తా. బుధవారం చేస్తా. బుధవారం రెండు గంటలకు ఏ దోషమూ లేదు."

మేడం రెండు చేతులతో తల పట్టుకుంది. ముగ్గురూ ఎవరికి వారు తానొక్కడే ఈ ఉపాయం కనిపెట్టానని అనుకున్నారు. పని కాగానే ఎవరి చేతి గడియారం చూసి వాళ్లు మళ్లీ అంచనాగా తిప్పేవారు. పాపం ఆ సర్వరు, కొన్ని వారాలుగా గురువారం గురువారం ముందుకూ వెనక్కూ పరుగెత్తి, అప్పుడప్పుడూ నిన్నటిలోకి కూడా పోయి వచ్చింది.

కాసేపటికి మేడం తలెత్తింది. "రాహుకాలం ఒకటిన్నరకు కదా మొదలయ్యేది?"

"అవును మేడం."

"అయితే గురువారం నిజంగానే ఒకటింబావుకు వచ్చి, గడియారాన్ని ముట్టుకోకుండా స్వీకరించొచ్చు కదా?"

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె గండికోట లోయ మీద నుంచి దూకమన్నా అంత తెల్లబోయేవారు కాదు.

"ముందే రావడమా?" అన్నాడు బొద్దుమనిషి చివరకు. "డ్యూటీకా?"

ఇన్నేళ్ల సర్వీసులో నాకూ ఆ ఊహ రాలేదని ఇక్కడ ఒప్పుకోవాలి. గ్రహాన్ని మోసగించడానికి తెగించాం, యంత్రాన్ని తిప్పడానికి తెగించాం, డ్యూటీకి ముప్పావుగంట ముందు రావచ్చన్నది మాత్రం మా పంపుహౌసులో ఎవరి బుర్రకూ తట్టలేదు. మేడం హైదరాబాదు అబ్బాయికి ఫోన్ చేసి కనుక్కుంది. ముందుగా స్వీకరిస్తే సాఫ్ట్‌వేరుకు ఏ అభ్యంతరమూ లేదట. ఆలస్యమైతేనే కోపమట.

అయినా ముగ్గురి ముఖాలూ విప్పుకోలేదు. అప్పుడు ఆమె చివరి బాణం వేసింది. "రెండు దాకా పాత షిఫ్టు మనిషి ఎట్లాగూ హాల్లోనే ఉంటాడు. గురువారం ముందుగా వచ్చినోళ్లు అంతదాకా సర్వరు గదిలో కూర్చోవచ్చు."

"ఒకటింబావు ఎందుకు మేడం," అన్నాడు పొడుగాయన. "పన్నెండున్నరకే వస్తా."

పెద్ద సారు వచ్చే గురువారం నాటికి మేడం సర్వరు గడియారాన్ని సెకన్లతో సహా సరిచేయించింది. బొద్దుమనిషి ఒకటింబావుకు స్వీకరించాడు. రెండయింది. రెండు గంటల రీడింగు కొట్టాడు. తీసుకుంది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడే గేటు ముందు పెద్ద సారు కారు, వెనక ఖాళీ వ్యాను వచ్చి ఆగాయి.

కారు ఆగింది గానీ సారు దిగలేదు. నేను మజ్జిగ చెంబు తీసుకుని పోయాను.

"దిగండి సార్."

"దిగుతా, దిగుతా. ఒక ఫోన్ రావాల్సి ఉండాది." అద్దం దించి చెంబు అందుకున్నారు. అద్దంలోంచి వేడి ఆవిరి నా ముఖానికి కొట్టింది. ఇంజను వేడెక్కుతోందని డ్రైవరు ఏసీ ఆపేశాడట. వేపచెట్టు నీడ కారును వదిలేసి ఆవలికి పోయింది. సారు చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఫోన్ రాలేదు. ఆయన ఫోన్ వైపు చూడనూ లేదు. చేతి గడియారం వైపే చూస్తున్నారు.

నేను వెనక్కి వచ్చాను. ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ముగ్గురు ఆపరేటర్లూ కిటికీ దగ్గర నిలబడి, ఎంతో గౌరవంగా ఆ కారును చూస్తున్నారు.

తన గడియారంలో మూడు కాగానే సారు కుడికాలు ముందు పెట్టి దిగారు. "సర్వరు గది యాడ?" అన్నదే మొదటి మాట.

లోపలికి రాగానే చల్లగాలి తగిలి ఒక్క క్షణం అలాగే నిలబడిపోయారు. కుర్చీలో కూర్చున్నారు. రీడింగులన్నీ చూశారు, ఎర్ర డబ్బా లేదు. తనిఖీ చేసినట్టు ఆయన కూడా ఒక మీట నొక్కాలి. వేలు దాని దాకా పోయి ఆగింది. తెర మూలన సర్వరు గడియారం మూడుకు ఇంకా నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. సారు చేతి గడియారం దానికంటే బాగా ఫాస్టు.

"గడియారం సరిచేయమంటారా సార్?" అన్నాను. మేడం నా కాలు తొక్కింది.

"వద్దు, వద్దు. దాన్ని ముట్టుకోవద్దు. తొందరేముంది, కాసేపు కూర్చుందాం."

కూర్చున్నాం. మేడం, ఆపరేటర్లు హాల్లోకి పోయారు. సర్వరు సన్నగా గుయ్యిమంటోంది. నాలుగు నిమిషాలన్నది అరగంట దాటింది. చివరకు సారు మీట నొక్కి, బయటికొచ్చి మేడంతో అన్నారు, "ఇది ఈడనే ఉండనీలేమ్మా. కడపకు తీసకపోతే ఆ ఎండకు తట్టుకోదు. మా కడప ఎండ మీకు తెలీదు."

కర్నూలు ఎండను ఎవరైనా తక్కువ చేస్తే నేను ఊరుకునే మనిషిని కాను. ఆ రోజు మాత్రం, "అవును సార్, కడప ఎండే ఎండ" అన్నాను. వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది. సాయంత్రానికి కుండ లోపలికి వచ్చింది, కాకపోతే సర్వరు నెత్తిన కాదు, కింద ముక్కాలిపీట మీద.

ఆ అరగంటలో పెద్ద సారు గుర్రుపెట్టి నిద్రపోయారని ఊరంతా చెప్పుకుంటారు. చెప్పింది నేనే. సారు కళ్లు మూసుకున్న మాట నిజం. గుర్రు మాత్రం నాది, గోడకు ఆనుకుని కూర్చున్నచోటే. నాకు మెలకువ వచ్చేసరికి, వ్యాను మనిషి అద్దం తలుపు దగ్గరకు వస్తున్నాడని, సారు నా చాపను కాలితో బ్యాటరీల వెనక్కి నెడుతున్నారు.

కాలితో కాదులెండి. చేత్తోనే. చుట్టి మరీ పెట్టారు.